‘మా’కూ ‘మన’కూ నడుమ మా నాయన

మొన్న మా తమ్ముడి మనవరాలికి బాప్తిస్మం ఇప్పిస్తున్నారంటే నంద్యాల వెళ్ళాను. గుడి నిండా జనం. నా చిన్నప్పుడు ఆ నాపరాళ్ళ మీద చాపలు పరుచుకొని కూర్చునేవాళ్ళం. ఎండాకాలంలో కాళ్ళకు ఆ రాళ్ళు చల్లగా తగులుతుంటే ప్రసంగం ఎంత పొడుగైనా ఓర్చుకునేవాళ్ళం. ఇప్పుడు కుర్చీలు, ఫ్యాన్లు, గోడగోడకీ ఒక స్పీకరు. సంతోషమే. కొత్తగా వచ్చిన పాస్టరు కుర్రవాడు, చక్కని గొంతు. కళ్ళు మూసుకొని, మైకు పెదవులకు ఆనించి, "ప్రభువా, మనం ఎన్నో పాపాలు చేశాం. మనల్ని క్షమించు" అన్నాడు. ప్రార్థన మధ్యలో కళ్ళు తెరవకూడదని చిన్నప్పటి నుంచీ నాకు నేర్పారు. అయినా తెరిచేశాను. చుట్టూ చూస్తే అందరూ తలలు వంచుకొని "ఆమెన్" అంటున్నారు. ఒక్కరికీ చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టు లేదు.

భోజనాల దగ్గర ఆ అబ్బాయే వచ్చి నా విస్తట్లో కూర వడ్డిస్తుంటే ఆపుకోలేక అనేశాను. "నాయనా, నువ్వు ఈ పొద్దు దేవుణ్ణి కూడా పాపుల్లో కలిపేశావు." అతడు గరిటె పట్టుకొని నిలబడిపోయాడు. "ఎట్లవ్వా?" అన్నాడు. మనం అంటే చెప్పేవాడూ వినేవాడూ ఇద్దరూ కలిసి, మేము అంటే వినేవాణ్ణి పక్కన పెట్టి మిగిలినవాళ్ళు అని చెప్పాను. నువ్వు మాట్లాడుతున్నది దేవుడితో కదా, ‘మేము పాపాలు చేశాం, మమ్మల్ని క్షమించు’ అనాలి అన్నాను. అతడు మంచివాడు, కోపం తెచ్చుకోలేదు. నవ్వి, "అర్థమైతే చాలు కదవ్వా. దేవునికి యాకరణం పట్టింపు ఉంటాదా?" అన్నాడు. పంక్తిలో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. దేవుడికి ఆ పట్టింపు ఉందో లేదో నాకు తెలియదు. మా నాయనకు ఉండేది. ఆ పట్టింపు ఉండబట్టే నేనూ, మా పేట పిల్లలూ బడి గోడల లోపల కూర్చొని చదువుకున్నాం. అది విస్తరి ముందు చెప్పి తేల్చే సంగతి కాదు గనక ఇక్కడ రాస్తున్నాను.

మా నాయన పేరు దానం. నంద్యాలలో మిషను వాళ్ళ దగ్గర చదువుకొని, తెలుగు పరీక్షలు పాసై, ఆళ్లగడ్డ నుంచి రుద్రవరం పోయే దారిలో ఒక ఊరికి అయివారుగా వచ్చాడు. ఊరు వంకకు, అంటే వాగుకు, ఇవతల, మా క్రైస్తవుల పేట వంకకు అవతల. అప్పట్లో ఊరికి బడి అంటూ ప్రత్యేకంగా గది లేదు. పొద్దున పేటలో ప్రార్థన చేసుకునే కొట్టంలో మా పిల్లలకు చెప్పేవాడు. మధ్యాహ్నం వంక దాటి, పెద్దరెడ్డి గొడ్లపాక వసారాలో రైతుల పిల్లలకు చెప్పేవాడు. అదే పాఠం, అవే పద్యాలు, అదే బెత్తం. సాయంత్రం సైకిలు దిగితే నాయన పంచె నుంచి రెండు వాసనలు వచ్చేవి, మా కొట్టంలోని పేడ అలుకు వాసన, రెడ్డి పాకలోని చెనిక్కాయ కట్టె, అదే గొడ్లకు వేసే వేరుశనగ చొప్ప వాసన. నేను ఆ పంచె చివర పట్టుకొని వాసన చూస్తే నాయన నవ్వేవాడు.

ఇంట్లో మేము ఐదుగురం. నాయన, అమ్మ, మా జేజి అంటే నాయన తల్లి, నేను, తమ్ముడు. దీపం పెట్టే వేళకే బువ్వ తినడం అలవాటు. కొర్రన్నం, గోంగూర ఊరుబిండి, ఉల్లిపాయ. నాయన తినేటప్పుడు మాట్లాడేవాడు కాదు గాని చెవులు మాత్రం మా మీదే ఉండేవి. మాలో ఎవరైనా మాట తప్పుగా అంటే ముద్ద విస్తట్లో పెట్టేసి అట్లాగే చూసేవాడు. కొట్టడం లేదు, తిట్టడం లేదు. మేము దిద్దుకొనేదాకా ముద్ద ఎత్తేవాడు కాదు. "రెడ్డోళ్ళ ఎద్దులు వంకలోకి వచ్చినారు నాయనా" అని తమ్ముడు ఒకసారి అంటే, "చొక్కాలు ఏసుకొని వచ్చినారా?" అని అడిగాడు. జేజి నవ్వి నవ్వి పొలమారి నీళ్ళు తాగింది.

అన్నిటికన్నా ఆయనకు ‘మేము’, ‘మనం’ దగ్గర పట్టింపు ఎక్కువ. ఆ రెండింటిలో ఒకటి తారుమారైతే ఒకటే ప్రశ్న. "ఎవర్ని కలిపినావు? ఎవర్ని ఇడిసినావు?" ఒకసారి అమ్మ తమ్ముడు, మా మామ, నంద్యాల నుంచి వచ్చి ఉన్నాడు. నేను సంబరం కొద్దీ, "మామా, రేపు మనం ఆళ్లగడ్డ సంతకు పోతాండాం" అన్నాను. మామ తెల్లారకముందే లేచి తానం చేసి, కోటు తొడుక్కొని బండి దగ్గర నిలబడ్డాడు. ఆ బండి పక్కింటివాళ్ళది. జేజి ఇంటి దగ్గరే ఉండగా మా నలుగురికే అందులో చోటు. అమ్మ నన్ను పక్కకు లాగి గిల్లింది. నాయన మాత్రం, "పాప ‘మనం’ అనింది, ఇంగ మామ రావల్సిందే" అని తన చోటు మామకు ఇచ్చి, సంత దాకా బండి వెనక నడిచి వచ్చాడు. దారంతా మామ మొహమాటపడుతూనే ఉన్నాడు. నాయన మాత్రం హాయిగా చేతులు వెనక కట్టుకొని, పొలాలు చూసుకుంటూ నడిచాడు. నోటి నుంచి వచ్చిన మాటకు కాళ్ళతోనైనా సరే వెల చెల్లించాలని నాకు ఆ రోజు తెలిసింది.

మా జేజికి అక్షరం ముక్క రాదు. కానీ ఈ రెండు మాటల్ని ఆమె వాడినట్టు వాడిన మనిషిని నేను చూడలేదు. మనసు బాగుంటే "మనం ఈ పొద్దు ఏం వండుకుందాం?" అని అమ్మను అడిగేది. కోపం వస్తే "మేం గంజి తాగి పండుకుంటాం లే" అనేది. ఆ ‘మేం’లో ఉన్నది జేజి ఒక్కతే అయినా సరే. జేజి ‘మేం’ అందంటే అమ్మకు వణుకు. మళ్ళీ ‘మనం’ అనేదాకా ఇంట్లో గిన్నె చప్పుడు కాకుండా తిరిగేది.

నాయన పట్టింపు యాస మీద కాదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు చాలామంది వ్యాకరణం అంటే కోస్తా మాట అనుకుంటున్నారు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ఉద్యోగస్థులు నంద్యాల బజారులో మా మాట విని నవ్వేవాళ్ళు. వాళ్ళను చూసి మా తమ్ముడు కూడా ఒకరోజు "వెళ్తున్నానండీ" అంటూ ఇల్లంతా తిరిగాడు. నాయన పిలిచి కూర్చోబెట్టాడు. "పోతాండా అంటే ఏం తక్కువరా? పోతా ఉండాను, అదే కలిసిపోయి పోతాండాను. ఎవరు పోతాండేది తెలుస్తాంది, ఎప్పుడు పోతాండేది తెలుస్తాంది. యాస మన ఇంటి సొత్తు, దానికి సిగ్గు పడాకు. తప్పుకు సిగ్గుపడు" అన్నాడు. ఆ మాట మీదే నేను బతికాను. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పాను, ఎక్కడికి పోయినా యాడ, ఈడ అనడం మానలేదు, మేము, మనం తారుమారు చేయలేదు.

ఇక అసలు సంగతి. నేను నాలుగో తరగతికి వచ్చేసరికి ఊళ్ళో బడి కట్టారు. స్థలం పెద్దరెడ్డి ఓబుల్రెడ్డిది. రాయి, సున్నం రైతులు తలా ఇంత వేసుకున్నారు. రాళ్ళు మోసింది మాత్రం మా పేట వాళ్ళు, ఆడా మగా. గోడలు లేస్తుండగా పేటలో అందరి మనసులోనూ ఒకటే ప్రశ్న, ఎవరూ పైకి అనలేదు. ఆ బడిలో మా పిల్లలు కూర్చుంటారా? ఊళ్ళో వాళ్ళకు అది ప్రశ్నే కాదు. మా పిల్లలు మా కొట్టంలోనే ఉంటారని, అయివారు అటొక పూట ఇటొక పూట వస్తూనే ఉంటాడని వాళ్ళు అనుకున్నారు. కొట్టం అప్పటికే ఒక పక్క ఒరిగింది. వానకాలంలో మేము పలకలు నెత్తిన పెట్టుకొని చదివేవాళ్ళం.

తలుపు మీద పెట్టే రాతి పలక మీద ఏం చెక్కాలో చెప్పడానికి పెద్దరెడ్డి నాయనను పిలిపించాడు. అమ్మకు భయం పట్టుకుంది. నాయన ఆ ఊళ్ళో ఉండాలన్నా పోవాలన్నా పెద్దరెడ్డి ఒక్క మాట చాలు. "ఏమయ్యా, ఆయప్పతో యాకరణాలు మాట్లాడాకు. ఆయప్ప చెప్పింది రాసిచ్చి బేగా వచ్చెయ్యి. పిల్లోళ్ళను ఎత్తుకొని మళ్ళా యాడికి పోతాం?" అంది. నేను వెంట ఉంటే త్వరగా లేచి వస్తాడని నన్ను కూడా సైకిలు మీద ఎక్కించింది.

పెద్దరెడ్డి అరుగు మీద పడక కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. పెద్ద మీసాలు, చిన్న కళ్ళు, మాట ముక్కుసూటి. అరుగు కింద ఆళ్లగడ్డ నుంచి వచ్చిన శిల్పి ఒకాయన, ముందర నున్నగా చెక్కిన రాతి పలక. నాయన కింది మెట్టు మీద కూర్చున్నాడు. నేను ఆయన మోకాలి పక్కన. పెద్దరెడ్డి తాంబూలం బుగ్గన పెట్టుకొని చెప్పాడు. "నేను చెప్తా, నువ్వు తప్పుల్లేకుండా దిద్దు అయివారూ. ‘మా పిల్లల చదువు కొరకు రైతులు కట్టించిన బడి.’ అంతే. నా పేరొద్దు."

నాయన కాసేపు రాతి పలకను చూశాడు. "అంతా బాగుండాదయ్యా. ఒక్క మాట కుదర్లా" అన్నాడు.

"ఏందీ?"

"మా పిల్లలు అన్నారే, అది."

"మా పిల్లోళ్ళను మా పిల్లోళ్ళు అనక ఇంగేమనల్ల?"

"నోటితో అంటే తప్పు ల్యాదయ్యా. ఇప్పుడు మీరు నాతో అంటాండారు. ‘మా’ అంటే నేను కాక మీరని నాకు తెలుస్తాది. రాయి సంగతి వేరే. రాయి మాట్లాడేది ఎవరితో? ముందర నిలబడి చదివేటోనితో. ‘మా పిల్లలు’ అని రాయి అంటే, నీ పిల్లలు కాదని వానితో అన్నట్టు. రేపు మీ మనవడు పెద్దోడై, వాని కొడుకును ఎత్తుకొని వచ్చి ఆడ నిలబడి చదువుతాడు. ‘ఈ బడి మా పిల్లలది, నీ పిల్లోనిది కాదు’ అని మీ మనవనితోనే అంటాది ఆ రాయి."

పెద్దరెడ్డి నమలడం ఆపాడు. "ఇంకోసారి చెప్పు" అన్నాడు. నాయన మళ్ళీ చెప్పాడు, ఈసారి ఇంకా నిదానంగా, మాకు పాఠం చెప్పినట్టే. పెద్దరెడ్డి ఆలోచించాడు. మొరటు మనిషి గాని మందబుద్ధి కాదు.

"మరి ‘మన’ అంటే?"

"చదివేటోడూ చేరతాడు."

"ఎవడు చదివితే వాడా?"

"ఎవడు చదివితే వాడయ్యా."

అప్పుడు పెద్దరెడ్డి చిన్న కళ్ళు ఇంకా చిన్నవి చేసి నాయనను చూశాడు. నేను నాయన పంచె గట్టిగా పట్టుకున్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అమ్మ మొహం కళ్ళ ముందు కనపడింది.

"అయివారూ, నువ్వు నా మనవని పేరు చెప్పి మీ పేట పిల్లోళ్ళను లోపలికి తోలుకొస్తాండావ్."

నాయన లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తోలుకొచ్చేది నేను కాదయ్యా. వ్యాకరణం."

శిల్పికి ఈ గొడవ ఏమీ పట్టలేదు. "ఏదో ఒకటి తేల్చండయ్యా. ‘మా’ అయితే ఒక అచ్చరం, ‘మన’ అయితే రెండు. ఇంకొక అచ్చరం చెక్కల్ల" అన్నాడు. పెద్దరెడ్డి కోపమంతా అతని మీద చూపించాడు. "చెక్కవయ్యా. చెక్కితే నీ చెయ్యి అరిగిపోతాదా?" అని, నాయన వైపు తిరిగి, "సుద్ద తీసుకొని నువ్వే రాసియ్యి. మళ్ళా వీడు యాడన్నా తప్పు చెక్కుతాడు" అన్నాడు. నాయన రాతి పలక ముందు మోకాళ్ళ మీద కూర్చొని గుండ్రని అక్షరాలతో రాశాడు. ‘మన’ మీద సుద్ద రెండోసారి తిప్పి దిద్దాడు.

ఇంటికి వచ్చేటప్పుడు సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వచ్చాడు. "భయం కాలేదా నాయనా?" అని అడిగాను. "అయింది" అన్నాడు. మరి కొంచెం దూరం నడిచాక, "తప్పు అని తెలిసినాంక ఎట్లా రాసిచ్చేది?" అన్నాడు. తర్వాత నేను నంద్యాలలో బోర్డింగులో ఉండి చదివి, తెలుగు పండితురాలినై, చాలా ఊళ్ళలో చాలా రాతి పలకలు చూశాను. అన్నిటి మీదా ‘మా తండ్రిగారి జ్ఞాపకార్థము’, ‘మా గ్రామము’ అనే ఉంటుంది. చదివేవాడు బయటివాడని ఎవరూ అనుకోరు. ఆ సంగతి నాయనకు తెలియక కాదు. వ్యాకరణంలో ఉన్న ఒక సన్నని సందు చూసుకొని, అందులో నుంచి పేట పిల్లలందరినీ దూర్చాడు. అబద్ధం చెప్పలేదు, బతిమాలలేదు, తలవంచలేదు. నా జీవితంలో నేను ఎంతోమంది గొప్ప పండితుల ఉపన్యాసాలు విన్నాను. మా నాయన ఆ మెట్టు దగ్గర చెప్పినంత గొప్ప పాఠం ఇంకొకటి వినలేదు. ఆయన కూతురినని చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది.

అందుకే ఈ కాలపు తెలుగు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. టీవీలో ఎవరూ ఏమీ చేయరు, అన్నీ ‘చేయడం జరుగుతుంది’. రోడ్డు వేస్తామన్నవాడు వేయకపోయినా ‘వేయకపోవడం జరిగింది’. చేసినవాడు మాటలో నుంచే తప్పించుకుంటాడు, ఇంక పట్టుకునేది ఎవరిని? కర్తను దాచిపెట్టే భాష దొంగకు బాగా పనికొస్తుంది. పెళ్ళి పత్రికల్లో ‘అర్ధం’, ‘ధన్యవాధాలు’, ఫోను సందేశాల్లో వత్తులు లేని తెలుగు, పిల్లలకు బస్సులు ‘వస్తున్నారు’, మంత్రిగారు మాత్రం ‘వచ్చాడు’. నేను దిద్దితే, నానమ్మకు చాదస్తం అని మనవలు వాళ్ళలో వాళ్ళు కళ్ళు తిప్పుకుంటారు. సరే, చాదస్తమే. అప్పుడు మాకు పుస్తకాలు లేవు, కొట్టానికి ఒక పక్క గోడ లేదు. కానీ ఒక మాట అన్నామంటే అందులో ఎవరు ఉన్నారో, ఎవరు లేరో తెలిసి అనేవాళ్ళం. ఇప్పుడు అన్నీ ఉన్నాయి, ఆ ఎరుక లేదు. ఇది నా ఒక్కదాని బాధే కావచ్చు. అయినా చెప్పడం మానను.

బడి తెరిచిన రోజు మా పేట పిల్లలం తలలకు నూనె రాసుకొని, నాయన వెనక వరుసగా వంక దాటాం. గుమ్మం దగ్గరికి పోయి ఆగిపోయాం. లోపలికి పొమ్మని ఎవరూ అనలేదు, పోవద్దని కూడా అనలేదు. రైతుల్లో ఒకాయన పెద్దరెడ్డి దగ్గరికి వచ్చి, మా వైపు గడ్డం చూపిస్తూ, "వీళ్ళ పిల్లోళ్ళు యాడ కూచుంటారు?" అని అడిగాడు. పెద్దరెడ్డి చేతికర్రతో తలుపు మీది రాతి పలకను చూపించాడు. "చదువు" అన్నాడు. ఆయన కూడబలుక్కొని చదివాడు. "మన... పిల్లల... చదువు..." పెద్దరెడ్డి అక్కడ ఆపాడు. "ఆడ ‘వీళ్ళ పిల్లోళ్ళు’ అని యాడన్నా ఉండాదా?" ఆయన పైకీ కిందికీ చూసి, "లేదు" అన్నాడు. "రాతి మీద ఎక్కినాంక ఇంగ నేనేం చేసేదప్పా? చదువుకోనీ పో" అన్నాడు పెద్దరెడ్డి, తన తప్పేమీ లేనట్టు. నాయన నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోశాడు. నేను గడప దాటాను. నా వెనక మా పేట పిల్లలందరూ దాటారు. కొత్త సున్నం వాసన ముక్కు పుటాలు అదరగొట్టింది.

ఆ సాయంత్రం అమ్మ పొయ్యి దగ్గర రొట్టెలు తడుతూ ఉంది. పొద్దుననుంచీ ఏమవుతుందో అని ఇంట్లోనే తిరుగుతూ ఉన్న మనిషి, మమ్మల్ని చూసి ఏమీ అడగలేకపోయింది. జేజి, తమ్ముడు, నేను విస్తళ్ళ ముందు కూర్చున్నాం. నాయన తినడం మొదలుపెట్టాడు. కాసేపటికి అమ్మ మామూలుగా అడిగినట్టు, "వాళ్ళ బడిలో తాగను నీళ్ళు పెట్టినారా?" అంది.

నాయన ముద్ద కింద పెట్టాడు. అమ్మనే చూస్తూ కూర్చున్నాడు. అమ్మకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అప్పటిదాకా ఆమె ఊరిలోని దేన్నీ, బావిని గానీ బాటను గానీ, ఆ మాటతో అని ఎరగదు. మేమందరం తినడం ఆపి ఆమె నోటివైపే చూస్తున్నాం.

"మన బడిలో" అంది అమ్మ. అని, పొయ్యి వైపు తిరిగి కూర్చొని, రొట్టె మాడిపోయేదాకా మా వైపు తిరగలేదు.